ఆంధ్ర నాటక పితామహులు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవము సమీపించినపుడు మన పాఠశాలలో నాటకమునుగూర్చి ఒక చర్చ బయలుదేరుచుండును. విద్యార్థులు వేషములు ధరింపవలెనని ఉత్సాహపడుదురు. తలిదండ్రులలో కొందరు సంతోషించి ప్రోత్సహింతురు. మరికొందరు, చదువుకొనవలసిన పిల్లలు ముఖమునకు రంగు పూసికొని పదిమంది యెదుట ఆడుట యేమి గౌరవమని సంకోచింతురు. ఈ సంకోచము క్రొత్తగ పుట్టినది కాదు. దాదాపు 140 సంవత్సరములకు పూర్వము బళ్లారి పట్టణమునందలి ఒక ప్లీడరుగారి యెదుటను ఇదియే ప్రశ్న నిలిచియుండెను. వారు దానికి వాదముచేత గాక, తామే వేషము ధరించి రంగస్థల మెక్కి సమాధానము చెప్పిరి. వారే ఆంధ్ర నాటక పితామహులని ప్రసిద్ధిగాంచిన శ్రీ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. వారి చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగ తెలుపుటకు పూనుకొనుచున్నాము.

తెలుగుదేశమున ఆటలకు ఎన్నడును కొరత లేదు. యక్షగానములు, వీథినాటకములు, తోలుబొమ్మలాటలు పల్లెపల్లెను రాత్రులు తెల్లవార్లు జరుగుచుండెడివి. జనులు వానిని చూచి ఆనందించుచుండిరి. కాని ఆడువారికి సంఘమున తగిన మర్యాద లేకుండెను. ఇంగ్లీషు చదువు చదివి ఉద్యోగములలో నున్నవారు వానివంక చూచుటయే తక్కువగ నెంచుచుండిరి. ఇట్టి స్థితిలో 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ వ్యవహార ధర్మబోధినిని తమ విద్యార్థులచేత ఆడించిరి. ఆధునికమైన తెలుగు నాటక ప్రదర్శనములలో అది మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. తెలుగు రంగస్థలము ఒక పాఠశాలలోని బాలురతో ఆరంభమైనదన్న సంగతి మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగినది. గోదావరీతీరమున మొలకెత్తిన ఆ బీజమును రాయలసీమలో మహావృక్షముగ పెంచిన భాగ్యము రామకృష్ణమాచార్యులవారిది.

ఆచార్యులవారు 1853వ సంవత్సరమున ధర్మవరమున జన్మించిరి. అప్పటికి అనంతపురము జిల్లా యేర్పడలేదు. ధర్మవరము బళ్లారి జిల్లాలోనిదై యుండెను. 1882లో మాత్రమే అనంతపురము ప్రత్యేక జిల్లా అయ్యెను. వారిది శ్రీవైష్ణవ కుటుంబము. సంస్కృతాంధ్రములతోపాటు ఇంగ్లీషును, కన్నడమును వారు చక్కగ నేర్చిరి. పిమ్మట న్యాయశాస్త్ర పరీక్షయందు కృతార్థులై బళ్లారిలో ప్లీడరు వృత్తి నవలంబించిరి.

ఆనాటి బళ్లారి మద్రాసు రాజధానిలోనిది. అచట తెలుగును, కన్నడమును ఇంటింట వినబడుచుండెడివి. సైనికుల దండు ఒకవంక, ప్రత్తి వ్యాపారము మరియొకవంక పట్టణమునకు కళ తెచ్చియుండెను. పడమటి సీమనుండి నాటక సమాజములు వచ్చి ఆటలాడి పోవుచుండెడివి. పరభాషలో ఆడిన ఆటలకు జనులు గుంపులు గుంపులుగ పోవుచుండగా, తెలుగున అట్టి నాటకము లేకపోవుట ఆచార్యులవారి మనస్సునకు కొరతగ తోచెను. వారు మొదట కన్నడమునను నాటకరచన చేసిరి. తరువాత తెలుగునకు మరలి, మిత్రులను చేర్చుకొని, సరసవినోదినీ సభ యను సమాజమును స్థాపించిరి. ఆ సభలోని నటులు కూటికొరకు ఆడువారు కారు. వారిలో ప్లీడరులును, ఉద్యోగస్థులును ఉండిరి. ఈ సభకు కవియు, ప్రధాననటుడును, శిక్షకుడును ఆచార్యులవారే.

1887లో ఆ సభవారు చిత్రనళీయము ప్రదర్శించిరి. అంతకుముందు తెలుగున వెలువడిన నాటకములలో పెక్కులు సంస్కృతమునుండి తెనిగింపబడినవి; పండితులు చదివి ఆనందింపదగినవే గాని ఆడుటకు అంత అనువైనవి కావు. ఆచార్యులవారు మాత్రము ప్రేక్షకుని ఎదుట నుంచుకొని వ్రాసిరి. అంకములను ఇంగ్లీషు నాటకములలో వలె రంగములుగ విభజించిరి. దానివలన ఒక రంగము రాజసభలోను, మరియొకటి అరణ్యమునను జరుగుటకు వీలు కలిగెను. వచనమును, పద్యమును, పాటను ఒక్కచోట కూర్చిరి. వీథినాటకములలో పాట విని విని చెవులు పండిన జనులకు క్రొత్త నాటకమునందును పాట వినబడుటచే అది పరాయిదిగ తోచలేదు. పండితుడు పద్యమునకు, పామరుడు పాటకు, ఇంగ్లీషు చదివినవాడు కథ నడిపిన తీరునకు సంతోషించిరి. ఇట్లు మూడు తెగలవారు ఒక్క పందిటిక్రింద కూర్చుండి ఒకే కథకు కన్నీరు విడుచుట తెలుగుదేశమున క్రొత్త సంగతి.

ఆ నాటకమున ఆచార్యులవారు ధరించిన వేషము బాహుకుడు. కథ మన పిల్లలకు తెలిసినదే. నలమహారాజు జూదమున రాజ్యమును పోగొట్టుకొని, దమయంతిని అడవిలో విడిచి, కర్కోటకుని కాటుచే కురూపియై, బాహుకుడను పేరుతో ఋతుపర్ణునికి సారథియయ్యెను. లోపల చక్రవర్తి, వెలుపల వికారరూపుడగు సేవకుడు. పట్టణమున గౌరవము గల ఒక ప్లీడరు, అందమైన రాజవేషమునకు ఆశపడక, పదుగురు చూచి నవ్వదగిన ఆ రూపమును ఎన్నుకొనుట గమనింపదగినది. వేషము మనుష్యుని గౌరవమును తగ్గింపదనుటకు బాహుకుని కథకంటె మంచి నిదర్శన మేమి కావలెను? రూపము మారినను నలుడు నలుడే. రంగు పూసికొనినను ఆచార్యులవారు ఆచార్యులవారే. మరునాడు న్యాయస్థానమునకు పోయి వాదించునపుడు వారి మాటకు విలువ తగ్గలేదు.

అయినను వారి ధైర్యమునకు గొప్ప పరీక్ష తరువాత వచ్చినది. 1889 ప్రాంతమున వారు విషాద సారంగధర వ్రాసి ఆడించిరి. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుడు. తండ్రి యింట లేని సమయమున అతని పావురము ఎగిరిపోయి సవతితల్లియగు చిత్రాంగి మేడపై వ్రాలెను. దానికొరకు పోయిన బాలునిపై ఆమె తన కోరిక తీరమికి కినిసి నేరము మోపెను. రాజు విచారింపక కొడుకు కాలుసేతులు నరికింప నాజ్ఞాపించెను. చరిత్రమునందలి రాజరాజనరేంద్రునికి ఈ కథతో సంబంధము లేదని పండితులు నిరూపించియున్నారు. కాని రాజమహేంద్రవరమున నేటికిని సారంగధర మెట్టను చూపుదురు. జనులు ఈ కథను అంతగ నమ్మిరి.

పూర్వకావ్యములలో ఈ కథ దుఃఖముతో ముగియదు. ఒక సిద్ధుడు వచ్చి బాలుని కాపాడును. అవయవములు మరల మొలచును. వినువారు నిట్టూర్చి, ఊరటచెంది, ఇండ్లకు పోవుదురు. ఆచార్యులవారు ఆ ఊరటను తీసివేసిరి. నాటకము శోకముతోనే ముగియునట్లు వ్రాసిరి. ఇది సామాన్యమైన సాహసము కాదు. నాటకము మంగళాంతముగ నుండవలెనని మన సంప్రదాయము. విషాదాంతమైన నాటకమునకు సంస్కృతమున ప్రమాణము చూపుడని యడిగినచో నాడు ఎవ్వరికిని చూపుటకు వీలులేకుండెను. దుర్యోధనుని మరణముతో ముగియు భాసుని ఊరుభంగము నేడు మనకు కలదు. కాని భాసుని నాటకముల తాళపత్రములను తిరువాన్కూరున గణపతిశాస్త్రిగారు కనుగొనినది 1909 ప్రాంతమున, అచ్చువేయ నారంభించినది 1912లో. కావున ఆచార్యులవారికి ఇంగ్లీషు విషాద నాటకములును, తమ హృదయమును తప్ప వేరు ఆధారము లేదు. విషాదాంత నాటకములలో తెలుగున మొదటిదను కీర్తి ఈ సారంగధరకు దక్కినది. అపశకునమని ఆక్షేపించు పండితులున్నను, ప్రేక్షకులు దానిని త్రోసివేయలేదు. పెక్కేండ్లు పెక్కు సమాజములు దానిని ఆడినవి.

ఇందు ఆచార్యులవారు తాము ధరించుటకు ఎన్నుకొనిన వేషము సారంగధరుడు కాదు. కొడుకును చేజేతుల పోగొట్టుకొనిన తండ్రి, రాజరాజనరేంద్రుడు. వారి పాదుకా పట్టాభిషేకమున వారు ధరించిన వేషము దశరథుడు. ఈ రెండు వేషములను ప్రక్కప్రక్కను నిలిపి చూచినచో మాకొక విశేషము తోచుచున్నది. ఇద్దరు రాజులు, ఇద్దరును భార్య మాటచేత కుమారుని పోగొట్టుకొనినవారు. కాని దశరథుడు ఆడిన మాట తప్పలేక పోగొట్టుకొనెను. రాజరాజు విచారణ చేయక పోగొట్టుకొనెను. ఒకనిది సత్యమునకు బంధనము, రెండవవానిది తొందరపాటు. మొదటివాని యెడ మనకు జాలి కలుగును. రెండవవానిని చూచినపుడు జాలితోపాటు భయమును కలుగును. ఏలయన ఆ తప్పు మనమెల్లరమును చేయగలము. సాక్ష్యము వినక, నిందితునికి ఒక్క మాట చెప్పుకొనుటకు సమయమీయక శిక్షించుట ఎంతటి ఘోరమో, దినదినమును న్యాయస్థానమున నిలుచు ప్లీడరునకు తెలిసినంతగ మరియెవ్వరికి తెలియును?

ఈ ఊహ వట్టిది కాదనుటకు వారు వ్రాసిన మరియొక నాటకము సాక్ష్యమిచ్చుచున్నది. దాని పేరు చిరకారి. ఈ కథ మహాభారతము శాంతిపర్వమున నున్నది. గౌతమమహర్షి భార్యపై కోపించి, ఆమెను చంపుమని కుమారుని ఆజ్ఞాపించి అడవికి పోయెను. కుమారుడు స్వభావముచే ఏ పనియైనను చిరకాలము ఆలోచించి చేయువాడు. తండ్రి యాజ్ఞ మీరరాదు, తల్లిని చంపరాదు. కత్తి చేతబట్టుకొని అతడు ఆలోచించుచు నిలిచెను. ఇంతలో తండ్రికి కోపము దిగి, తాను చేసిన పనికి వగచుచు పరుగున వచ్చి, భార్య బ్రతికియుండుట చూచి, ఆలస్యము చేసిన కొడుకును కౌగిలించుకొనెను. తొందరపడినవాని కథ సారంగధర. నిదానించినవాని కథ చిరకారి. ఒక్క కవియే ఈ రెండును వ్రాయుట యాదృచ్ఛికమని మేము తలంపజాలము. ఇంటను, పాఠశాలయందును పిల్లలను దండించు అధికారము గల మనవంటి పెద్దలు ఈ రెండు నాటకములను జంటగ జ్ఞాపకముంచుకొనుట మేలు.

1891లో సరసవినోదినీ సభవారు మద్రాసునకు పోయి విక్టోరియా పబ్లికు హాలునందు తమ నాటకములను ప్రదర్శించిరి. ఆ ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అను పదునెనిమిదేండ్ల తమిళ యువకుడు ఉండెను. అతడు ఇంగ్లీషు నాటకములయందు ప్రీతి కలవాడు. తన భాషలోని వీథి ఆటలను ఏవగించుకొనుచుండెను. బళ్లారినుండి వచ్చిన యీ బృందమును చూచి అతడు ఆశ్చర్యపడెను. వారు ప్లీడరులు, ఉద్యోగులు, చదువుకొనినవారు. వారు తమ మాతృభాషలో, సిగ్గుపడక, ఇంత చక్కగ ఆడుచున్నారు. ఆ రాత్రి అతని అభిప్రాయము మారిపోయెను. ఆ సంవత్సరము జూలై నెల 1వ తేదీననే అతడు కొందరు మిత్రులతో సుగుణవిలాస సభను స్థాపించెను. పిమ్మట సంబంధ మొదలియారుగారు న్యాయవాదియు, న్యాయాధిపతియునై, తమిళమున 90కి పైగా నాటకములు వ్రాసి, ఆధునిక తమిళ నాటకమునకు తండ్రియనిపించుకొని, 1964లో కీర్తిశేషులైరి. తమకు ఆ దారి చూపినది బళ్లారి ఆచార్యులవారేనని వారు తమ స్మృతులలో కృతజ్ఞతతో చెప్పుకొనిరి. ఒక భాషలోని మంచి ప్రయత్నము పొరుగు భాషలో దీపము వెలిగించుట యనగా ఇదియే.

మంచి ప్రయత్నమునకు పోటీ కలుగుట మరియొక మేలు. అదే బళ్లారిలో అదే ప్లీడరు వృత్తిలో నున్న కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపిరి. ఆచార్యులవారు పురాణకథలకు ప్రాధాన్యమిచ్చిరి. రావుగారు చరిత్ర కథలను చేపట్టిరి. విజయనగర సామ్రాజ్య పతనమును నాటకముగ వ్రాసి, చారిత్రక నాటక పితామహులని వారు పేరుగాంచిరి. ఆచార్యులవారును రోషనార వంటి నాటకములను వ్రాయకపోలేదు. ఒక్క పట్టణమున ఇద్దరు నాటకకర్తలు, రెండు సభలు. ఒకరిని మించవలెనని మరియొకరు శ్రమించుటచే తెలుగు నాటకము త్వరితముగ పెరిగెను. ఆచార్యులవారు వ్రాసిన నాటకములు సుమారు 30. వానిలో ప్రమీలార్జునీయము, పాంచాలీ స్వయంవరము, ముక్తావళి, వరూధిని, ప్రహ్లాద మొదలగునవి పేరొందినవి. అన్నియు అచ్చుకాలేదు, అచ్చైనవియు నేడు దొరకుట అరుదు.

మహనీయుల గుణములనే గాక లోపములను గూడ చెప్పుట చరిత్రకారుని ధర్మము. ఆచార్యులవారి నాటకములలో పాటలు మిక్కుటమని తరువాతివారు ఆక్షేపించిరి. శోకముతో కూలిపోవుచున్న పాత్రయు రాగము తీయుచు పాడుట స్వభావవిరుద్ధమని వారి వాదము. ఇది నిజమే. జనులను క్రొత్త నాటకమునకు రప్పించిన పాటయే, కాలక్రమమున నటనకు అడ్డమయ్యెను. పిమ్మట నటులు అభినయము మరచి, ఒక్కొక్క పద్యమును సాగదీసి పాడి, మరల పాడుమనిపించుకొని మురియుట ఆచారమయ్యెను. ఈ దోషమంతయు ఆచార్యులవారిపై మోపుట న్యాయము కాదు. కాని ఆ వాకిలి తెరచినది వారే యనుట తప్పదు.

ఆ వాకిలిని మూయ ప్రయత్నించినవారును వారి కుటుంబమునుండియే వచ్చిరి. ఆచార్యులవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అనగా జగత్ప్రసిద్ధుడైన బళ్లారి రాఘవ, 1880లో జన్మించెను. అతడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, మేనమామవలెనే న్యాయవాదియయ్యెను, మేనమామవలెనే నటుడయ్యెను. కాని అతని మార్గము వేరు. అతడు పాటను తగ్గించి, పలుకుబడికిని, చూపునకును, మౌనమునకును విలువ నిచ్చెను. మేనమామగారి ప్రతిపక్షమగు సుమనోరమ సభవారి నాటకమున పఠాను వేషము ధరించి పేరుగాంచెను. పురుషులే స్త్రీ వేషములు వేయు కాలమున, కులస్త్రీలు గౌరవముతో రంగస్థల మెక్కవలెనని పట్టుబట్టి, వారితో కలిసి నటించెను. 1946లో అతడు మరణించెను. మేనమామ చదువుకొనిన పురుషునికి రంగస్థలముపై గౌరవము సంపాదించెను. మేనల్లుడు ఆ గౌరవమును స్త్రీకిని సంపాదింప పాటుపడెను. మేనమామను మేనల్లుడు దిద్దినాడనుకొనుటకంటె, ఆయన ఆరంభించినదానిని ఈతడు ముందునకు సాగించెననుట ఒప్పు.

ఆచార్యులవారు 1912లో పరమపదించిరి. వారు కష్టించి పెంచిన నాటకమునకు తరువాత చలనచిత్రము వచ్చి ప్రేక్షకులను తీసికొనిపోయెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరెను. నేడది కర్ణాటకమున నున్నది. అయినను బళ్లారిలో రాఘవ పేరిట కళామందిరము నేటికిని నిలిచియున్నది. తెలుగు నాటకచరిత్ర వ్రాయువారు ఎవ్వరును ఆ పట్టణమును దాటి పోజాలరు.

విద్యార్థులారా, మీరు ఆచార్యులవారి జీవితమునుండి నేర్వదగినది వేషము వేయుటయే కాదు. వారు తమ వృత్తిని విడువలేదు. కళను తక్కువగ చూడలేదు. సంప్రదాయమును చదివియు, అది చాలనిచోట ఒక అడుగు ముందునకు వేయుటకు వెరవలేదు. తలిదండ్రులారా, ఈ సంవత్సరము మీ పిల్లవాడు కిరీటము పెట్టుకొనియో, బాహుకునివలె కురూపవేషము ధరించియో రంగస్థలముపై నిలిచినచో సిగ్గుపడకుడు. ముందు వరుసలో కూర్చుండి సావధానముగ చూడుడు. 1891లో మద్రాసునందు ఒక యువకుడు అట్లే కూర్చుండి చూచెను. ఆ చూపునుండి ఒక భాషకు నాటకశాల లభించెను.